లైవ్ రాక్ లేకపోయినా ఉప్పునీటి తొట్టి సైకిల్ అవుతుందా?

ప్రశ్న: మాది అమలాపురం. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న గాజు తొట్టిలో ఉప్పునీటి చేపలు పెంచాలని మొదలుపెట్టాను. లైవ్ రాక్ (సముద్రపు బ్యాక్టీరియా పట్టి ఉన్న రాయి) దొరకలేదు. సిరామిక్ రాళ్లు, అరగొనైట్ ఇసుక వేసి, మెరైన్ సాల్ట్ కలిపిన నీళ్లు పోశాను. కుళ్లి అమ్మోనియా ఇస్తాయని వీడియోల్లో చూసి రెండు పచ్చి రొయ్యలు వేశాను. పద్దెనిమిది రోజులైంది. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి, వాసన వస్తోంది. అమ్మోనియా కిట్ ఆఖరి రంగు చూపిస్తోంది, నైట్రైట్ అసలు లేదు. ఆక్వా షాపులో జియోలైటు, ప్రోబయోటిక్ పొడి ఇచ్చారు, వేసినా ఏమీ మారలేదు. లైవ్ రాక్ లేకపోతే అవ్వదని ఒకరంటున్నారు. ఇంకొకాయన సముద్రంలోంచి రాళ్లు తెచ్చి కిలోల లెక్కన ఇస్తానంటున్నాడు. సంక్రాంతికి ఇంకా తొమ్మిది వారాలుంది. ఆలోగా క్లౌన్ ఫిష్ జంటను వేస్తానని పిల్లలకు మాటిచ్చాను. ఏం చెయ్యమంటారు?

సమాధానం: అవుతుందండి, నిక్షేపంగా అవుతుంది. సైకిల్ అవడమంటే అమ్మోనియాను నైట్రేట్ దాకా మార్చే బ్యాక్టీరియా తొట్టిలో స్థిరపడటమే. లైవ్ రాక్ చేసే పనంతా దాని రంధ్రాల్లో పట్టుకుని ఉన్న బ్యాక్టీరియాదే. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చేవి ఒక జాతి, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేవి ఇంకో జాతి. అవి అంటుకుని పెరగడానికి మీ సిరామిక్ రాళ్ల మీద, ఇసుకలో, ఫిల్టరులో చోటు దండిగా ఉంది. మీ తొట్టిలో లేనివి రెండే: మొదలుపెట్టడానికి విత్తనం, అంటే బతికున్న ఆ బ్యాక్టీరియా, కొలిచి వేసే మేత, అంటే అమ్మోనియా. విత్తనం పడకుండానే మేత గంపెడు పడింది.

ముందు ఆ సముద్రం రాళ్ల సంగతి. ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోకండి. పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పగడపు రాయి ఏరడం, అమ్మడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ నేరమే. పైగా గోదావరి మోసుకొచ్చే ఒండ్రువల్ల, మంచినీటివల్ల మన తీరాన పగడపు దిబ్బలు పెరగవు. కాబట్టి ఆయన తెచ్చేది ఎక్కడిదో పగడపు రాయి అయినా అయ్యుండాలి, గట్టు కోసం పోసిన బండల మీంచి కొట్టుకొచ్చిన ముక్కయినా అయ్యుండాలి. రెండోదైతే దాని నిండా అంటుకున్న గుల్లలు మీ తొట్టిలో చచ్చి కుళ్లుతాయి, ఇప్పుడున్న అమ్మోనియాకి ఇంకొంచెం తోడవుతుంది.

ఇక మీ తొట్టిలో జరిగింది ఇది. రొయ్య కుళ్లుతుంటే ఎంత అమ్మోనియా వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. రొయ్య సైజునుబట్టి, వేడినిబట్టి మారిపోతుంది. ఆ కుళ్లును తినే బ్యాక్టీరియా వేరు, మనకు కావలసిన నైట్రిఫయింగ్ బ్యాక్టీరియా వేరు. కుళ్లు తినేవి గంటల్లో రెట్టింపవుతాయి. నీళ్లు తెల్లబడింది వాటివల్లే, నీటిలో ఆక్సిజన్ కూడా అవే లాగేస్తున్నాయి. మనకు కావలసినవి రెట్టింపవడానికి దాదాపు ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వాటికి ఆక్సిజన్ నిండుగా కావాలి. అమ్మోనియా మరీ పెరిగితే నైట్రైట్‌ను తినే జాతి అసలు తల ఎత్తదు. అందుకే పద్దెనిమిది రోజులైనా కదలిక లేదు.

ఈ రోజే రెండు రొయ్యలనూ తీసేయండి. విడిపోయిన ముక్కలుంటే సన్న గొట్టంతో సైఫన్ చేసి లాగేయండి. తర్వాత అసలు అమ్మోనియా ఎంతుందో తెలుసుకోవాలి. కిట్ ఆఖరి రంగు చూపిస్తోందంటే అది 8 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) కావచ్చు, 20 కావచ్చు. తొట్టి నీళ్లు ఒక వంతు, కొత్తగా కలిపిన ఉప్పునీళ్లు మూడు వంతులు కలిపి, ఆ కలిపిన నీటిని పరీక్షించి, వచ్చిన అంకెను నాలుగుతో హెచ్చవేయండి. 8 వస్తే ముప్పాతిక నీళ్లు మార్చండి, 2కి దిగుతుంది. అంతకంటే ఎక్కువైతే మర్నాడు ఇంకోసారి మార్చాలి. లోపల చేపలు లేవు కాబట్టి ఎంత మార్చినా భయం లేదు. బ్యాక్టీరియా రాళ్లకు అంటుకుని ఉంటాయి తప్ప నీటితో పోవు. ఉప్పు ఖర్చు అనిపిస్తుంది, నిజమే. మీ కొలతలకు తొట్టి నిండా 190 లీటర్లు పడుతుంది. పైన వదిలిన ఖాళీ, రాళ్లు, ఇసుక పోను నికరంగా 150 లీటర్లనుకోండి. ముప్పాతిక అంటే 112 లీటర్లు, అంటే నాలుగు కిలోలకు పైగా ఉప్పు. ఆ ఖర్చు పెట్టకపోతే నెలలు పోతాయి.

జియోలైటు ఎందుకు పనిచెయ్యలేదంటే, అది అమ్మోనియాను పట్టుకునేది అయాన్ మార్పిడి పద్ధతిలో. మంచినీళ్లలో బాగానే పట్టుకుంటుంది. 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) ఉన్న నీటిలో సోడియం ముందే వచ్చి ఆ చోట్లన్నీ ఆక్రమించేస్తుంది, అమ్మోనియాకు చోటు మిగలదు. ప్రోబయోటిక్ పొడి సంగతీ అంతే. చెరువులకు అమ్మే పొడుల్లో ఎక్కువగా ఉండేది బాసిల్లస్. అది గింజలాంటి గట్టి రూపం (స్పోర్) కట్టి, ఎండబెట్టినా బతుకుతుంది కాబట్టి పొడి చెయ్యగలరు. చెరువు అడుగున మిగిలిన మేతను, రెట్టను కుళ్లబెట్టి అరగదీయడం దాని పని. అమ్మోనియాను ఆక్సీకరించే బ్యాక్టీరియా అలా గింజ కట్టవు, ఎండబెడితే చచ్చిపోతాయి. కాబట్టి డబ్బా మీద నైట్రోసోమోనాస్ అని రాసి ఉన్నా, పొడి రూపంలో ఉంటే నమ్మకండి.

విత్తనం ద్రవరూపంలో, సీసాలో, బతికున్నదే కావాలి. డాక్టర్ టిమ్స్ వన్ అండ్ ఓన్లీ, ఫ్రిట్జ్ టర్బోస్టార్ట్ లాంటివి. ఫ్రిట్జ్‌లో 900 ఉప్పునీటికి, 700 మంచినీటికి. అంకె తప్పితే డబ్బు దండగ, మంచినీటి జాతులు ఉప్పునీటిలో పనికిరావు. టర్బోస్టార్ట్‌ను చల్లగా ఉంచాలి. కొరియరులో రెండు రోజులు వేడికి మగ్గిన సీసాలో ఎంత ప్రాణం మిగులుతుందో చెప్పలేం. కార్తీకం, మార్గశిరం నెలల్లో తెప్పించుకోవడం ఆ లెక్కన మీకు కలిసొచ్చింది. ఐస్ ప్యాక్‌తో పంపమని అడగండి, గడువు తేదీ చూసుకోండి. సీసా బాగా కుదిపి, మొత్తం ఒకేసారి రాళ్ల మీద, ఫిల్టరు నోటి దగ్గర పోసేయండి. కొద్దికొద్దిగా వాడితే లాభం లేదు. స్కిమ్మరు (మలినాన్ని నురగగా తీసే పరికరం), యూవీ లైటు ఉంటే కనీసం రెండు రోజులు ఆపండి, యూవీని సైకిల్ అయ్యేదాకా ఆపేసినా పర్వాలేదు.

సీసా దొరక్కపోతే రాజమండ్రిలోనో కాకినాడలోనో ఎవరిదైనా బాగా నడుస్తున్న ఉప్పునీటి తొట్టి ఫిల్టరులోంచి గుప్పెడు సిరామిక్ రింగులు తెచ్చుకోవచ్చు. ఆ తొట్టి నీళ్లలోనే తడిగా, మూత వదులుగా పెట్టి తేవాలి. దాంతోపాటు తెల్లమచ్చ తెగులు పరాన్నజీవి కూడా రావచ్చు. చేపలు లేకుండా ఆరు నుంచి పది వారాలు గడిస్తే అది చస్తుంది. సంక్రాంతి లోపు కావాలనుకుంటే సీసా దారే మేలు. రొయ్యల చెరువు నీళ్లు, అడుగు బురద, మడ అడవి మట్టి మాత్రం వద్దు. విబ్రియో బ్యాక్టీరియా, రొయ్యలకు తగిలే వైట్ స్పాట్ వైరస్ వాటితో రావచ్చు. రేపు మీరు క్లీనర్ రొయ్యను వేసుకుంటే ఆ వైరస్ దానికీ తగులుతుంది. నల్లటి బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. పైగా కోరింగ మడ అడవి అభయారణ్యం, అక్కడినుంచి ఏదీ తేకూడదు.

మేతకు అమ్మోనియం క్లోరైడ్ వాడండి. కళాయి పూసేవాళ్లు వాడే నవాసాగరం ఇదే, కానీ కిరాణా దుకాణంలో దొరికేది శుద్ధమైనది కాదు. కెమికల్ షాపులో ల్యాబ్ గ్రేడుది వంద గ్రాములు కొంటే మీకు అక్కర్లేనంత మిగులుతుంది. పది గ్రాములు సరిగ్గా తూచి, లీటరు ఆర్వో నీళ్లలో కరిగించి, సీసా మీద పేరు రాసి పిల్లలకు అందకుండా పెట్టండి. మీ 150 లీటర్లకు ఈ ద్రావణం 95 మిల్లీలీటర్లు పోస్తే అమ్మోనియా 2 పీపీఎం పెరుగుతుంది. మన ప్రాంతంలో చేతికి అందేది యూరియా కదా అని అది వేయకండి. యూరియాను అమ్మోనియా కిట్ చూడలేదు. అది తర్వాత మెల్లగా విడిపోయి అమ్మోనియా అవుతుంది. మీరు చాలదనుకుని ఇంకొంచెం వేస్తారు, వారానికి మళ్లీ ఇప్పటి పరిస్థితే.

నీళ్లు మార్చాక అమ్మోనియా 2 దగ్గరుంటే మొదటి రోజు డోసు వద్దు, విత్తనం పోస్తే చాలు. రోజు విడిచి రోజు పరీక్షించండి. అర పీపీఎం కిందికి దిగినప్పుడల్లా మళ్లీ 2కి తెండి. ఎప్పుడూ 4 దాటనివ్వకండి.

ఇక్కడే చాలామంది కంగారుపడతారు: అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ మాత్రం కిట్ హద్దు దాటి ఎక్కుతుంది. లెక్క చూడండి. 2 పీపీఎం అమ్మోనియా మారితే 5.4 పీపీఎం నైట్రైట్ అవుతుంది, ఆ తర్వాత 7.3 పీపీఎం నైట్రేట్ అవుతుంది. అణువు బరువు పెరగడం వల్లే ఈ తేడా. అంటే మూడు డోసులకే నైట్రైట్ 16 దాకా పోవచ్చు. నైట్రైట్‌ను తినే జాతి మొదటిదానికంటే వారం, రెండు వారాలు ఆలస్యంగా అందుకుంటుంది. నైట్రైట్ 5 దాటిందంటే అమ్మోనియా డోసు ఆపి, అది దిగేదాకా ఊరుకోండి. పది రోజులైనా కదలకపోతే రెండు చోట్ల వెతకాలి. మొదటిది ఫాస్ఫేట్. శుభ్రమైన ఆర్వో నీళ్లు, శుద్ధమైన రసాయనం, కొత్త సిరామిక్ రాయి, వీటిలో ఎక్కడా ఫాస్ఫేట్ ఉండదు, అది లేనిదే బ్యాక్టీరియా కణం తయారవదు. రొయ్యలు కుళ్లిన తొట్టి కాబట్టి మీకు ఈ కొరత రాకపోవచ్చు. వస్తే చిటికెడు చేపల మేత నలిపి వేస్తే తీరిపోతుంది.

రెండోది ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా నిలబెట్టే నీటి గుణం. రొయ్యల రైతుల మధ్య ఉన్నారు కాబట్టి ఈ మాట మీకు కొత్త కాదు. ఒక్కో 2 పీపీఎం డోసు మారేటప్పుడు ఆల్కలినిటీ సుమారు 12 పీపీఎం తగ్గుతుంది. ఐదు డోసులకు అరవై. 140తో మొదలైన నీళ్లు 80కి వస్తాయి, పీహెచ్ జారుతుంది, బ్యాక్టీరియా మందగిస్తాయి. వంట సోడా రెండున్నర గ్రాములు ఆర్వో నీళ్లలో కరిగించి పోస్తే మీ తొట్టిలో 10 పీపీఎం పెరుగుతుంది. బేకింగ్ పౌడరు కాదు, వట్టి వంట సోడా. రోజుకు 20 పీపీఎం మించి పెంచకండి, 125 నుంచి 145 మధ్య నిలపండి. అమలాపురంలో, భీమవరంలో ఆక్వా ల్యాబులు ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం చూసి పెడతాయి, కొత్తలో ఒకసారి చూపించుకోవడం మంచిది. వాళ్ల రిపోర్టు పీపీఎంలో ఉంటుంది. అక్వేరియం వాళ్లు డీకేహెచ్ అంటారు, ఒక డీకేహెచ్ అంటే 17.9 పీపీఎం.

కిట్ విషయంలో ఒక జాగ్రత్త. మందు వేశాక పసుపునుంచి ఆకుపచ్చకు మారేది సాలిసిలేట్ రకం, ఉప్పునీటికి అది కావాలి. పసుపునుంచి నారింజ, గోధుమ రంగుకు మారేది నెస్లర్ రకం. ఉప్పునీటిలో అది మడ్డి కట్టి తప్పు చూపించవచ్చు, అందులో పాదరసం కూడా ఉంటుంది, పారబోసేటప్పుడు కాలవలోకి పోనివ్వకండి. గాజు గొట్టాన్ని తొట్టి నీళ్లతోనే రెండుసార్లు కడిగి, గీత దాకా నింపి, చుక్కలు వేసేటప్పుడు సీసాను నిట్టనిలువుగా తలకిందులు పెట్టండి. వాల్చి పడితే చుక్క సైజు మారుతుంది. కిట్‌లో రాసినన్ని నిమిషాలు ఆగి, పగటి వెలుతురులో తెల్లకాగితం మీద పెట్టి రంగు చూడండి. ట్యూబులైటు కింద ఆకుపచ్చ ఛాయలు మోసం చేస్తాయి. నైట్రేట్ కిట్‌ను నైట్రైట్ సున్నా అయ్యేదాకా ముట్టుకోకండి. ఆ కిట్ నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి కొలుస్తుంది కాబట్టి, ముందే ఉన్న నైట్రైట్‌ను కూడా కలిపేసి పెద్ద అంకె చూపిస్తుంది.

నీళ్ల గురించి మీరు రాయలేదు గానీ చెప్పాలి. ఇంటి ఆర్వోలో రుచి కోసం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) కంట్రోలరు పెట్టి కొంత మామూలు నీటిని కలుపుతారు, కొన్నింటిలో మినరల్ కార్ట్రిడ్జి కూడా ఉంటుంది. ఆ రెండూ మూసి నీళ్లు పట్టండి. టీడీఎస్ మీటరులో పది లోపు రావాలి. ఇరవై లీటర్ల క్యానులో తెచ్చుకుంటే ప్రతి క్యానూ కొలవండి. కాలవ నీళ్లలో, బోరు నీళ్లలో ఉండే సిలికేట్, ఫాస్ఫేట్ తర్వాత గోధుమరంగు పాచిగా గాజు మీద తేలతాయి. సముద్రపు నీళ్లు తెచ్చుకునే ఆలోచన ఉంటే, జూలై నుంచి అక్టోబరు వరకూ వరద గోదావరి కలిసిన నీళ్లు వద్దు. అంతర్వేది ఇసుక కూడా వద్దు, అందులో నల్లగా మెరిసేవి ఇల్మెనైట్ లాంటి ఇనుము ఉన్న ఖనిజాలు. ఉప్పుమడి కల్లుప్పు కలిపితే సరిపోతుందా అని కూడా అడుగుతుంటారు. సరిపోదు. మడిలో నీళ్లు ఇంకేటప్పుడు సున్నం, జిప్సం ముందే అడుగున దిగిపోతాయి, మెగ్నీషియం చివరి చేదునీటిలో ఉండిపోతుంది. మిగిలేది దాదాపు సోడియం క్లోరైడే.

సెలైనిటీ, అంటే నీటి ఉప్పదనం, 35 పీపీటీ ఉండాలి. దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరును వట్టి నీళ్లతో సున్నాకు తిప్పితే చాలదు. 36.5 గ్రాముల శుద్ధమైన ఉప్పును 963.5 గ్రాముల ఆర్వో నీళ్లలో కరిగిస్తే ఆ ద్రావణం రిఫ్రాక్టోమీటరులో సరిగ్గా 35 చూపాలి, చూపకపోతే స్క్రూ తిప్పి సరిచేసుకోండి. గాజు బయట నీటిమట్టం దగ్గర టేపు ముక్క అంటించండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉత్త ఆర్వో నీళ్లే పోయాలి.

నీటి వేడి 27, 28 డిగ్రీల దగ్గర ఉంచండి. ధనుర్మాసం రాత్రుళ్లు గదిలో నీళ్లు 23కి కూడా దిగుతాయి, 150 లేదా 200 వాట్ల హీటరు పెట్టండి. వేవ్ మేకరు నీటి పైభాగం కదిలేటట్టు తిప్పి, ఒక ఎయిర్ స్టోన్ కూడా నడపండి. ఈ సైకిల్ అంతా ఆక్సిజన్ మీదే నడుస్తుంది. లైటు అక్కర్లేదు, వేస్తే పాచి తప్ప ఒరిగేదేమీ లేదు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు ఆడేలా చూసుకోండి. మూసి ఉండే క్యానిస్టరు ఫిల్టరు కొన్ని గంటలు ఆగితే లోపలి నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చస్తాయి. ఆగిన తర్వాత వాసన వస్తుంటే, ఆ నీళ్లు పారబోసి, రింగులను తొట్టి నీళ్లలో జాడించి, అప్పుడే ఆన్ చేయండి.

సంక్రాంతి మాట. సీసా విత్తనం బాగుంటే రెండు, మూడు వారాల్లో అవుతుంది, నెల పట్టినా ఆశ్చర్యం లేదు. విత్తనం లేకుండా వదిలేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు. అంటే మీకు వ్యవధి ఉంది, కానీ తేదీ చూసి చేపను వేయకండి, పరీక్ష చూసి వేయండి. పరీక్ష ఇది: సాయంత్రం 95 మిల్లీలీటర్ల డోసు వేసి, సరిగ్గా మర్నాడు అదే వేళకు చూస్తే అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా రావాలి. వెంటనే ఇంకోసారి అలాగే చేసి రెండోసారి కూడా వస్తే అప్పుడు అయినట్టు. ఉప్పునీటిలో నైట్రైట్ చేపను అంతగా బాధించదు, నీటిలోని క్లోరైడ్ దాన్ని మొప్పల దగ్గర అడ్డుకుంటుంది. అయినా సైకిల్ రెండో సగం పూర్తయిందనడానికి అదే గుర్తు. అమ్మోనియా మాత్రం ఉప్పునీటిలో మరింత ప్రమాదం. పీహెచ్ 7.2 ఉన్న మంచినీటి కంటే 8.2 ఉన్న మీ తొట్టిలో విషపు భాగం దాదాపు పది రెట్లుంటుంది.

పరీక్ష గెలిచాక నైట్రేట్ 30, 40 దాకా ఉంటుంది. సగం నీళ్లు మార్చి 20 లోపుకు తెండి. ఆ మర్నాడే చేపలు రావాలి. రెండు, మూడు రోజులు ఆలస్యమైతే రోజు విడిచి రోజు 1 పీపీఎం అమ్మోనియా వేస్తూ ఉండండి, లేకపోతే బ్యాక్టీరియా పస్తుంటాయి. హేచరీలో పుట్టి పెరిగిన క్లౌన్ జంటనే అడిగి కొనండి. మన దేశంలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వంటి సంస్థలు వీటి పెంపకం విధానాన్ని ఎప్పుడో రూపొందించాయి, పెంచిన పిల్లలు సముద్రంలో పట్టినవాటికంటే మేతకు తొందరగా అలవాటుపడతాయి. సంచీలోని చేపకు తొట్టి నీళ్లను కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేసి, చేపను మాత్రం వలతో తీసి వేయండి, సంచీ నీళ్లు పారబోయండి. మొదటి వారం రోజుకు ఒక్కసారి, ఒక్క నిమిషంలో తినేసేంత మేత చాలు. ఆ వారమంతా అమ్మోనియా రోజూ చూడండి. పావు పీపీఎం కనబడినా మేత ఆపి, పాతిక శాతం నీళ్లు మార్చండి. నెలరోజులు అంకెలు నిలకడగా ఉంటేనే మూడో ప్రాణిని తేవాలి.